ఖర్చు తగ్గిన మిల్లు

ఈ ఏడాదిలోగా మన జిల్లా గోనెసంచి బంగ్లాదేశ్ గోనెసంచిని ఓడించి తీరుతుందని పరిశ్రమల మంత్రి మోహనకృష్ణగారు నరసన్నపేట సభలో ప్రకటించారు. విలేకరిగా ముందు వరుసలో కూర్చున్న నాకు ఒళ్లు పులకరించింది. బంగ్లాదేశ్‌కు ఈ సంగతి ఇంకా తెలియదు.

ఆ సంచులు నేసే మిల్లు ఓనరు నరసింగరావుగారు వేదికెక్కి అర్జీ ఇచ్చారు.

"సార్, అక్కడి సంచి మన సంచికన్నా చౌకగా దిగుతన్నాది. మా మగ్గాలు నాన్నగారి నాటివి. కరెంటు రేటు కాస్త తగ్గిస్తే నిలదొక్కుకుంటాం."

"రేటు నా సేతిలో లేదు. ఖర్చు మాత్రం మీ సేతిలోనే ఉన్నాది. నేనే వచ్చి సూపిస్తాను," అన్నారు మంత్రిగారు.

అన్నట్టే వచ్చారు. మిల్లంతా తిరిగి ఫ్యాన్లు ఆపించారు. చెమట పడితే మనిషి చురుగ్గా ఉంటాడట. మరోసారి వచ్చి టీ ఆపించారు. అప్పటికీ బంగ్లాదేశ్ లొంగలేదు. ఈసారి నరసింగరావుగారిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు దేనికవుతన్నాది?"

"గోగునారకి సార్. నార లేందే సంచి రాదు కదా."

"సంచి అమ్మితే ఏటొస్తన్నాది?"

"నష్టం సార్."

"మరి నష్టం కోసం నారెందుకు కొంటన్నారు?"

నరసింగరావుగారు బీకాం చదివారు. అయినా ఆ లెక్కను బుద్ధిగా డైరీలో రాసుకున్నారు.

నార కొనడం ఆగింది. దాంతో మగ్గాలు ఆగాయి. కరెంటు బిల్లు అర్జీలో కోరినదానికన్నా ఎక్కువే తగ్గింది. మిల్లులో దుమ్ము లేదు, ప్రమాదాలు లేవు. పెళ్లయిన కొత్తల్లో చేరి ఇన్నేళ్లూ అక్కడే నూలు వడికిన తవిటమ్మకు దగ్గు కూడా తగ్గింది. ఆవిడ గేటు దగ్గర మంత్రిగారి కారుకు అడ్డం నిలబడింది.

"బాబూ, ఇప్పుడు మేం ఏటి సెయ్యాల?"

"రెస్టు తీసుకో అమ్మా. లేబర్ వెల్ఫేర్ అంటే అదే."

"మరి జీతం?"

"అదీ ఖర్చే కదమ్మా."

తవిటమ్మ పక్కకు జరిగింది. కారు ఆపి మరీ ఒక కార్మికురాలికి అర్థశాస్త్రం బోధించిన మంత్రిని నేనెక్కడా చూడలేదు. పేపరుకు అలాగే రాసి పంపాను.

రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఖర్చు తగ్గించిన మిల్లుగా దానికి షీల్డు వచ్చింది. సన్మానం మిల్లులోనే పెట్టారు. మగ్గాలకు బంతిపూల దండలు వేశారు. జనం కిక్కిరిసిపోయారు. పనిపోయిన వాళ్లందరినీ పార్టీవాళ్లే పిలిపించి, మిల్లు కూలికన్నా కాస్త ఎక్కువే ఇచ్చి, తలా ఒక బిర్యానీ పొట్లం చేతిలో పెట్టారు.

"ఇంతకన్నా ఖర్చు తగ్గించడం బంగ్లాదేశ్ వల్ల కాదు," అన్నారు మంత్రిగారు. అందరికన్నా గట్టిగా తవిటమ్మ చప్పట్లు కొట్టింది.

సభ ముగిశాక ఆవిడ వేదిక దగ్గరకు వచ్చింది.

"బాబూ, రేపు కూడా ఇలాటిది ఉంటాదా?"

మంత్రిగారు ముచ్చటపడ్డారు. "బొబ్బిలి దగ్గర ఇంకో మిల్లుకి షీల్డు ఇస్తన్నాం. బస్సు పంపిస్తాను, అందరూ వచ్చీండి."

షీల్డు చంకలో పెట్టుకుని పక్కనే నిలబడ్డ నరసింగరావుగారు గొంతు తగ్గించి అడిగారు.

"సార్, ఆ బస్సులో నాకూ ఓ సీటు ఉంటాదా?"