మెల్లగా, మాస్టారూ!

ఆ శనివారం లెక్కల మాస్టారు అనుకున్నది చాలా చిన్న పని. పదింటికి పెదనాన్న అంత్యక్రియల పూజలో చివరి బల్ల మీద కూర్చుని, ఎవరి కంటా పడకుండా కళ్లు తుడుచుకోవాలి. చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉండగా ఫోను మోగింది. చేసింది చర్చిలో ఆర్గాన్ వాయించే టీచరమ్మ. మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుందట.

"మీరే వాయించాలి మాస్టారూ!"

"నేను నేర్చుకున్నది మూడు నెలలే కదమ్మా! నాకు రెండు చేతులూ ఒకేసారి కదలవు."

"ఒక్క చేత్తోనే కానివ్వండి. నాకూ ఇప్పుడున్నది ఒకటే."

చర్చి గుమ్మంలో పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "మీ పెదనాన్నని పరువుగా సాగనంపరా. ఇంకేం అడగను" అంది. దాంతో మాస్టారికి ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

పూజ ఎలాగో గట్టెక్కింది. శవపేటికను బయటికి మోసుకెళ్లే ఆఖరి పాట దగ్గరే వచ్చింది తంటా. కంగారులో మాస్టారి కాలు శబ్దం పెంచే పెడల్‌ని పూర్తిగా తొక్కేసింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఫాదర్ వంగి, చెవిలో "మెల్లగా, మాస్టారూ!" అనేసి పేటిక ముందు నడిచారు.

వేగం ఎక్కువైందనుకుని మాస్టారు పాటను నెమ్మది చేశారు. హోరు మాత్రం అలాగే ఉంది. పేటిక మోస్తున్న ఆరుగురూ పాటకు తగ్గట్టే అడుగు వేస్తున్నారు గనుక వాళ్లూ నెమ్మదించారు. ఫాదర్ వెనక్కి తిరిగి అరచేతిని కిందికి ఊపుతూ అరిచారు. "ఇంకా మెల్లగా!"

"ఇంకానా!" అనుకుని మాస్టారు ఒక్కో స్వరాన్నీ సాగదీశారు. మోసేవాళ్లు ఒంటికాలు మీద నిలబడి తర్వాతి స్వరం కోసం చూశారు. "బావా, భుజం పోతోంది! కొట్టు బాబూ!" అని మాస్టారి బావమరిది మొత్తుకున్నాడు. ఆ హోరులో పాపం ఎవరికి వినబడుతుంది? గుమ్మం చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

బయట ఫాదర్ చెవులు రుద్దుకుంటూ, "మెల్లగా అంటే సౌండు తగ్గించమని! స్పీడు కాదయ్యా!" అన్నారు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పెదనాన్న పరువు చేతులారా తీశానని కుమిలిపోతూ వెళ్లి పెద్దమ్మ ముందు నిలబడ్డారు. "క్షమించు పెద్దమ్మా."

"ఎందుకురా? పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన నాకు పది అడుగుల ముందే నడిచారు. మోకాళ్లు నొప్పి, ఆగండీ అంటే ఏనాడైనా విన్నారా? ఇవాళ గుమ్మం దాకా పక్కపక్కనే నడిచాం" అంటూ ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. మాస్టారూ అందరి ముందే ఏడ్చేశారు.

పేటిక మోసిన ఆరుగురు మాత్రం ఆయనతో వారం దాకా మాట్లాడలేదు.