పాలడబ్బాకు గట్టి చాకు

ఆ ఉదయం జీవమణి అనుకున్న పని చాలా చిన్నది. నీళ్లు కాగేలోపల పాలడబ్బా తెరవాలి, వేడినీళ్లలో కలిపి బిడ్డకు పట్టాలి, బిడ్డ పడుకుంటే తానూ కాసేపు కళ్లు మూయాలి. జ్వరం తగ్గి ఇంకా నాలుగు రోజులే. పోతూ పోతూ ఆ జ్వరం ఆమె పాలు కూడా పట్టుకుపోయింది. బర్రెపాలు పడితే బిడ్డ కక్కేసింది. చంటిది తబిత రాత్రంతా ఎండిన రొమ్ము చీకి, ఏమీ రాకపోయేసరికి తల్లి ముఖంలోకి చూసి ఏడ్చింది. ఏడుపుకన్నా ఆ చూపునే జీవమణి తట్టుకోలేకపోయింది.

యుద్ధం రోజులు. డబ్బాపాలు అంగళ్లలో కనిపించడం లేదు. ఆమె భర్త సాలమన్ బంజారా హిల్స్ మీద ఒక బంగళాలో తోటమాలి. అక్కడి దొరసాని జాలిపడి ఒక డబ్బా ఇచ్చింది. నున్నగా, బరువుగా, ఎక్కడా మూత అన్నది లేకుండా ఉంది అది. కత్తిపీటకు దొరకలేదు. కూరల కత్తి మొన వంగింది.

"మేకు పెట్టి రాయితో కొట్టరాదా?" అంది జీవమణి.

"మేకుకు తుప్పుంటది. తుప్పు పాలల్ల పడితే బిడ్డ కడుపులకే గద పోయేది," అన్నాడు సాలమన్.

తుప్పు అనగానే జీవమణి బిడ్డను ఇంకా గట్టిగా హత్తుకుంది. అప్పటినుంచి ఇంట్లో ఉన్న ప్రతి ఇనుప వస్తువూ ఆమె కంటికి విషంలా కనబడసాగింది. నిజానికి మంచి మడతచాకు ఒకటి కొనాలని సాలమన్‌కు పెళ్లికి ముందునుంచీ ఉంది.

"కొత్త మడతచాకు తెస్త. గట్టిది. గిట్ల పోయి గట్ల వస్త."

"ఎందుకో ఎవరికీ చెప్పకు," అంది జీవమణి తల వంచుకొని. "కన్నతల్లికి పాలు లేవని ఊరంత అనుకుంటది."

సాలమన్ మాట తప్పే మనిషి కాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అమీర్‌పేటలో ఇనుప సామాను అమ్మే రాజనర్సయ్య వేపపుల్ల నములుతూ అప్పుడే కొట్టు తెరిచాడు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో సాలమన్ ఎదుట నిలబడ్డాడు.

"రాజనర్సన్నా, మడతచాకు కావాలె."

"ఇగో, చేపబొమ్మ పిడి. మస్తు సోకుంటది."

"సోకు నాకొద్దు. ఒక్క పోటుకు దిగాలె. గుంజి మళ్ల పొడిచినా మొన వంగొద్దు."

రాజనర్సయ్య నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. "దేంట్ల దిగాలె?"

"అది చెప్పేది కాదు. పైన గట్టిగుంటది. లోపలంత చిక్కగ, మెత్తగ ఉంటది."

బొక్కెన కొనడానికి వచ్చిన బుచ్చమ్మ మెల్లగా రెండడుగులు వెనక్కి వేసింది.

రాజనర్సయ్యకు భయం వేసింది గానీ, పొద్దున్నే వచ్చిన మొదటి బేరం వదులుకునే ధైర్యం లేదు. కొమ్ము పిడితో, మందపాటి వీపుతో ఉన్న చాకు ఒకటి తీశాడు. "మడతచాకుకు బలం అంచుల ఉండదు, గీ చీలల ఉంటది. చీల వదులైతే నీ చాకు నీ వేళ్ల మీదనే మూతపడ్తది. చూస్కో."

సాలమన్ చాకు తెరిచి చెవి దగ్గర ఆడించాడు. చప్పుడు లేదు. వీపును బల్లకు ఆనించి బరువంతా మోపాడు. మడతపడలేదు. ఇంతలో బిడ్డ ఏడుపు గుర్తొచ్చింది. పళ్లు బిగించి బల్ల మీద ఒక్క పోటు పొడిచాడు. మొన చెక్కలో దిగబడి, నిటారుగా నిలబడింది.

"గిదీ!" అన్నాడు తృప్తిగా.

చాకు బలంగానే ఉంది. ఎంత బలంగా ఉందంటే, ఎంత నొక్కినా మూతపడలేదు. మూస్తూ కూర్చునే ఓపిక లేక, తెరిచిన చాకు పట్టుకునే ఇంటిదారి పట్టాడు.

"ఎవరి మీదనో గింత కోపం?" అన్నాడు రాజనర్సయ్య.

"ఇంకెవరి మీద? పక్కింటి అంబదాసు మీదనే," తేల్చేసింది బుచ్చమ్మ. "వాళ్ల సొరపాదు గోడెక్కి వీళ్ల దిక్కు కాసింది. ఈయన ఒక కాయ కోసిండని మొన్ననే ఇద్దరు కొట్లాడిండ్రు." బొక్కెన అక్కడే వదిలి, సందులోంచి అడ్డంపడి పరుగెత్తింది.

అంబదాస్ దర్జీ. అరుగు మీద మిషన్ ముందు కూర్చుని లాగు కుడుతున్నాడు. "లోపలికి ఉరుకు!" అని బుచ్చమ్మ కేక వేసింది. "సాలమన్ చాకు కొన్నడు. బల్ల మీద పొడిచి సుత చూసిండు!" కుడుతున్న లాగుతో సహా అంబదాస్ ఇంట్లోకి దూకి గొళ్లెం పెట్టుకున్నాడు.

సాలమన్ ఆ ఇంటిముందుకు వచ్చేసరికి వెనక సగం పేట ఉంది.

"సొరకాయలన్ని నీయే సాలమన్నా!" లోపలినుంచి అంబదాస్ అరిచాడు. "పాదు సుత నీదే! కావాలంటే గోడ సుత తీస్కో!"

"ఏమైందే అంబదాసన్నా?" సాలమన్ కంగారుగా తలుపు దగ్గరికి వెళ్లాడు. చాకు చేతిలోనే ఉంది.

పంజాగుట్ట వైపునుంచి సైకిల్ మీద వస్తున్న పోలీసు జవాను దిగి, సైకిల్‌ను అడ్డం పెట్టుకున్నాడు. "చాకు కింద పెట్టు! ఎవర్ని పొడవనీకి పోతున్నవ్?"

"డబ్బాను సాబ్."

"ఏం డబ్బా?"

సాలమన్ చుట్టూ చూశాడు. ఎవరికి తెలియకూడదని జీవమణి అనుకుందో వాళ్లంతా అక్కడే ఉన్నారు. "పాలడబ్బా," అన్నాడు. "నా పెండ్లానికి జ్వరమొచ్చి పాలు పోయినయ్. బిడ్డ రాత్రినుంచి..."

పక్కింటినుంచి తబిత ఏడుపు సన్నగా వినిపిస్తోంది. కాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడైంది. "గీ ముక్క ముందే చెప్పొద్దా?" అన్నాడు అంబదాస్, చేతిలో లాగుతోనే.

సాలమన్ ఇంట్లోకి వెళ్లి డబ్బా తెచ్చాడు. ఇక అందరూ డబ్బాలు తెరవడంలో ఆరితేరినవాళ్లే. పక్కనుంచి పొడవమని ఒకరు, అంచుమీద తిప్పమని ఒకరు. జవాను డబ్బాను రెండు బూట్ల మధ్య పట్టాడు. సాలమన్ ఒక్కటే పోటు పొడిచాడు.

రాజనర్సయ్య అబద్ధం చెప్పలేదు. చాకు ఇటునుంచి అటు దిగింది. కానీ బయటికి రాలేదు. జవాను డబ్బా పట్టుకుని, అంబదాస్ సాలమన్ నడుం పట్టుకుని గుంజారు. డబ్బా చీలి, ఎగిరి బోర్లాపడింది. చిక్కటి పాలు మట్టిలోకి మెల్లగా, తాపీగా పారాయి. చాకు మొన వంగలేదు.

అందరూ ఆ పాలవంకే చూస్తూ నిలబడిపోయారు. అప్పుడు సాలమన్‌కు ఇంకో సంగతి తెలిసింది. ఇంట్లోంచి ఏడుపు వినబడటం లేదు.

"ఎప్పుడాగింది?" అన్నాడు. ఇంట్లోకి పరుగెత్తాడు.

లోపల గోడకు ఆనుకొని అంబదాస్ భార్య కాంతవ్వ కూర్చుని ఉంది. తబిత ఆమె కొంగు కింద గుటకలు వేస్తోంది. జీవమణి ఎదురుగా కూర్చుని చీరచెంగు నోట్లో కుక్కుకుంది. పెరటి గోడమీద సొరతీగ నలిగి వేలాడుతోంది. కాంతవ్వ తలుపు చాటున సాలమన్ మాట విని, ఆ గోడ దూకి వచ్చింది. సాలమన్ గడపలోనే అటు తిరిగి నిలబడ్డాడు.

"పోయిన నెల నా పిల్ల పోయిననాడు నువ్వు రాలేదు," అంటోంది కాంతవ్వ. "గోడ అవతలే ఉన్నవ్. పగ పట్టినవనుకున్న."

"చంటిబిడ్డ తల్లి పిల్ల పోయిన ఇంటికి పోవద్దన్నరక్కా. నాకు భయమైంది. గోడకాడ నిలబడి నీ ఏడుపు విన్న."

"నేను సుత విన్న, నీ బిడ్డది. అది ఏడ్సినప్పుడల్ల నాకు పాలు పొంగుతయ్. ఏం జేయాలె? మనుషులు తొక్కేకాడ పాలు పిండొద్దంటరు. సొరపాదు మొదట్ల పిండిన."

"ఎట్ల అడగాలె అక్కా," అంది జీవమణి. "నిన్నెట్ల అడగాలె?"

తబిత నిద్రపోయింది. కాంతవ్వ బిడ్డను ఇవ్వలేదు. జీవమణి ఇమ్మనలేదు.

"అన్నా," అంది కాంతవ్వ సాలమన్ వీపువైపు చూసి, గొంతు తగ్గించి, "నీ చేతిల చాకు చప్పుడుజేయకుండ మూయరాదా. పిల్ల లేస్తది."

సాలమన్ నొక్కాడు. చీలలోకి పాలు దిగాయేమో, ఈసారి చప్పుడు లేకుండా మూతపడింది.

తబిత జావ తాగడం నేర్చేదాకా కాంతవ్వ రోజూ వచ్చింది. ఆమె దూకాల్సిన పని లేకుండా మగవాళ్లిద్దరూ కలిసి పెరటి గోడలో దారి తీశారు, సొరపాదు వేరుకు దెబ్బ తగలకుండా. ఇప్పుడు పాదు మొదట్లో నీళ్లే పోస్తున్నారు. ఒక్కోసారి కాంతవ్వ మాత్రం చెంబు అక్కడ పెట్టుకుని ఊరికే కూర్చుంటుంది. అప్పుడు జీవమణి బిడ్డను తీసుకువెళ్లి ఆమె ఒళ్లో పెట్టి వచ్చేస్తుంది.

చాకు చీల వదులు కాలేదు. అమీర్‌పేటలోకెల్లా గట్టిదైన ఆ మడతచాకు ఏడాదంతా కోసింది లేత సొరకాయలే.