దర్జీ భార్య కుడికాలు

మన ఊళ్లో కార్లు వాటంతట అవి దూకడం లేదని విచారణ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. దూకుతున్నవి నడిపేవాళ్ల కాళ్లు. కార్లు వాటి వెంట వెళుతున్నాయి, అంతే. ఇంత విధేయత గల కార్లను తయారు చేసినందుకు కంపెనీని సంఘం అభినందించింది.

ఈ నిర్ణయం తేలిగ్గా రాలేదు. మొదట, తప్పు కాళ్ల కింద పరిచే మ్యాటుదన్నారు. మ్యాట్లు తీసేశారు. కార్లు దూకాయి. తర్వాత చెప్పులదన్నారు. జనం చెప్పులు డిక్కీలో పడేసి ఉత్తకాళ్లతో నడిపారు. అప్పుడూ దూకాయి. ఇక మిగిలింది కాలు. దాన్నీ తీసేయమనడం బాగుండదని సంఘం పెద్దమనసుతో ఆగిపోయింది.

దర్జీ భార్య సంగతి ఒక్కటే తెమలలేదు. ఆమె దుకాణం ముందు కారు స్టార్టు చేసింది. కారు రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మందుల షాపు గోడలోకి వెళ్లింది. ఆమె బతకలేదు. నివేదికలో 'తప్పు మృతురాలి కాలిది' అని రాశారు. ఆ మాట కొట్టేయమని దర్జీ అర్జీ పెట్టాడు. పరిహారం వద్దన్నాడు. దాంతో అతని ఉద్దేశం మీద అందరికీ అనుమానం వచ్చింది.

విచారణ రోజున అదే కారును బాగుచేయించి, సంఘం కార్యాలయం వాకిట్లో నిలిపారు. దర్జీ వెంట బావమరిది వచ్చాడు.

"పోయిన మనిషి ఎలాగూ రాదు బావా. వాళ్లిచ్చేదేదో పుచ్చుకుని ఊరుకోరాదూ?"

"వాళ్లు అంటున్నది మీ అక్కని రా" అన్నాడు దర్జీ.

బావమరిది ఫోను చూసుకున్నాడు.

"మీ ఆవిడ ఏం చేసేది?" అని అధ్యక్షుడు అడిగాడు.

"మిషను కుట్టేదండీ, పెళ్లికి ముందు నుంచీ. ఏ కుట్టు దగ్గర ఆపమంటే ఆ కుట్టు దగ్గర ఆపేది. ఆ కాలు తప్పు తొక్కదండీ."

అధ్యక్షుడి ముఖం వికసించింది. "అనగా, ఆమె జీవితమంతా తొక్కుతూనే ఉన్నది. కారెక్కినా ఆ అలవాటు పోలేదు. సభ్యులు గమనించాలి."

సభ్యులు గమనించారు.

కారులో లోపం లేదని చూపించడానికి బంట్రోతును తాళం తిప్పమన్నారు. అతను పెళ్లాంపిల్లలు గలవాడు. బయటే నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తిప్పాడు. కారు ఒక్క అరుపు అరిచి, మెట్లెక్కి, గోడ పగలగొట్టుకుని అధ్యక్షుడి బల్ల దగ్గర ఆగింది. అధ్యక్షుడు అప్పటికే బల్ల మీద నిలబడి ఉన్నాడు.

దర్జీ వంగి కారులోకి చూశాడు.

"కాలు ఎక్కడుందండీ?" అని అడిగాడు.

సంఘం పక్క గదిలో సమావేశమైంది. ఆ గదికి గోడలున్నాయి. కాసేపటికి తీర్పు చదివారు. దర్జీ కోరినట్టే ఆ మాట కొట్టేశారు. దాని బదులు 'మృతురాలి కాలి అలవాటు అంటుకుని మంచి కారు చెడిపోయింది' అని రాశారు. ఇందుకు మృతురాలిని మందలించారు. ఆమె హాజరు కానందున మందలింపును భర్త నిలబడి అందుకోవాలన్నారు. అందుకున్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. బావమరిది కూడా కొట్టాడు, మెల్లగా.

బయటికొచ్చాక, "ఎక్కు బావా, దింపుతాను" అన్నాడు. అతనిదీ ఆ కంపెనీ కారే. చప్పట్లు కొట్టినవాళ్లందరివీ అవే. వాటిని నిలిపిన తీరు దర్జీ అప్పుడు చూశాడు. ఒక్క కారు ముఖమైనా కార్యాలయం వైపు లేదు. అన్నీ వీధి అవతలి ఇళ్ల వైపు తిరిగి ఉన్నాయి.

"నడిచి వెళతాను" అన్నాడు దర్జీ.

దారి పొడవునా ప్రతి ఇంటి ముందూ కారు ఉంది. వెనకభాగం సొంత ఇంటి వైపు, ముఖం ఎదుటివాడి గోడ వైపు. కారులో ఏ లోపమూ లేదని నమ్మే ఊరు అంత జాగ్రత్తగా ఉంది.

మీ కారు కూడా చూశాను. దాని ముఖం మా గోడ వైపు ఉంది.