తేదీ కోసం వెబ్‌సైటు చూడగలరు

బ్రష్షు పట్టిన ప్రతివాడికీ హెచ్‌టీఎంఎల్ నిర్బంధంగా నేర్పించాలి! కంప్యూటర్లో వెబ్ పేజీలు కట్టే భాష అది. నవ్వకండి. కదిరిలో ఇరవై రెండేళ్లు బోర్డులు రాసి, అక్షరమంటే తనకే తెలుసని విర్రవీగిన బదరీనారాయణను, అంటే నన్ను, మూడు వారాల్లో మనిషిని చేసింది ఆ భాషే.

సంగతి రెండు వేల ఒకటిలోది. నల్లమాడలో ఒక విత్తనాల సంఘం ఉండేది. దాని అధికారి గంగాధరప్ప హైదరాబాదులో ఏదో మీటింగుకు పోయొచ్చి నన్ను పిలిపించారు.

"ఇంగ మనకూ వెబ్‌సైటు ఉండాల. బోర్డులు బాగా రాస్తావు గదప్పా, నువ్వే చెయ్యి!"

బోర్డు రాసేవాడికి వెబ్‌సైటు రాదా? ఎంత గొప్ప తర్కం! వెంటనే కంప్యూటర్ సెంటర్లో చేరాను. నా గురువు కల్పనది నా కూతురి ఈడు. ఎరుపు కావాలంటే ఎరుపు అనకూడదట, ఎఫ్ఎఫ్ పక్కన నాలుగు సున్నాలు పెట్టాలట! అక్షరాలు లావుగా రావాలంటే ముందొక గుర్తు, ఇక చాలు అనడానికి వెనకొక గుర్తు. ఆ రెండోది నేను మరిచాను. సంఘం పేరు దగ్గర మొదలైన లావు అడుగున ఫోన్ నంబరు దాకా పాకింది.

"అన్నా, తెరిసినావు, మూయలేదు!" అని కల్పన రోజుకు ఇరవైసార్లు అరిచేది. గోడల మీద రాసినన్నాళ్లు నన్నెవరైనా ఇంత శ్రద్ధగా తిట్టారా?

ఇక తెలుగు! నేను రాసింది ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అన్నీ ప్రశ్నార్థకాలూ డాలర్ గుర్తులే. చివరికి అక్షరాలను బొమ్మగా చేసి అతికించాం. ఫోను లైను మీద ఆ బొమ్మ పైనుంచి మెల్లగా దిగేది. ముందు తలకట్లు వచ్చేవి. కింద అక్షరాలు వచ్చేలోగా టీ తాగి రావచ్చు. ఇంత ఓర్పు నేర్పే భాష ఇంకొకటుందా?

విత్తనాల పంపిణీ తేదీ ఇంకా తేలలేదు కాబట్టి, ఆ పేజీలో పారతో తవ్వుతూనే ఉండే మనిషి బొమ్మ పెట్టాను. పేజీ తయారవుతోందని దానర్థం. గంగాధరప్ప మానిటరుకు దండ వేసి, టెంకాయ కొట్టి, ఆఫీసు తలుపుకు కాగితం అంటించారు: 'తేదీ కోసం వెబ్‌సైటు చూడగలరు.'

జూన్‌లో మంచి వాన పడింది. మూడోనాడు తిప్పమ్మ అనే రైతు నన్ను వెతుక్కుంటూ కదిరికి వచ్చింది.

"అన్నా, నేల పదును ఆరిపోతాండాది. చెనిక్కాయ ఇత్తనాలు ఎప్పుడిస్తారంటే కాగితం చూపిస్తాండారు. అది చేసింది నువ్వంట గదా! ఆ వెబ్‌సైటు యాడుండాది? ఆడికి బస్సు పోతాదా?"

ఆమెను కల్పన దగ్గరికి తీసుకెళ్లాను. పేజీ తెరుచుకుంది. ఆ మనిషి తవ్వుతున్నాడు. తిప్పమ్మ కన్నార్పకుండా చూసింది.

"ఈయప్పకు కరువు పని దొరికినట్టుండాది. యాడ పెట్టినారన్నా? నేనూ పోతా."

కల్పన నవ్వబోయి ఆగిపోయింది. నేను తల ఎత్తలేకపోయాను. గంగాధరప్పకు ఫోన్ చేశాను.

"తేదీనా? ఎల్లుండి శుక్రవారమే గదప్పా. నువ్వింగా పెట్టలేదా?"

"మీరు నాకు చెప్పలేదు సార్!"

పేజీ అప్పుడే సరిచేయగలిగేవాణ్ణే. చేయలేదు. రంగు డబ్బా తీసుకుని తిప్పమ్మతో పాటే బస్సెక్కాను. నల్లమాడ బస్టాండు ఎదుట ఉన్న సంఘం గోడ మీద రెండడుగుల అక్షరాల్లో రాశాను: 'విత్తనాలు శుక్రవారం ఇస్తారు.'

"శుక్రవారం అనేది ఇంగా లావుగా రాయన్నా," అంది తిప్పమ్మ. రాశాను. ఏ గుర్తూ పెట్టకుండానే లావుగా వచ్చింది. బస్సు కండక్టర్లు చదివి ఊరూరా చెప్పారు.

శుక్రవారం పొద్దున వరుస బస్టాండు దాటింది. తిప్పమ్మ పదును ఆరకముందే వేరుశనగ విత్తుకుంది. గంగాధరప్ప ఆ వరుసను చూసి మురిసిపోయారు. "చూస్తివా, వెబ్‌సైటు పవరు!" అని పైకి రిపోర్టు పంపి, మెచ్చుకోలు ఉత్తరం కూడా తెప్పించుకున్నారు.

తర్వాత నెలలో నన్ను మళ్లీ పిలిచారు. గోడకు సున్నం కొట్టించి ఉంది. దాని మీద రాయమన్నారు, రాశాను: 'ఈ గోడపై ఏమియు రాయరాదు.'

ఆ సంఘం తనంతట తానుగా, తెలుగులో, దారినపోయే వాళ్లందరికీ కనబడేలా గోడ మీద రాయించిన మొదటి మాట అదే.