తప్పు చేయడం రాని మా వదిన

పాఠకులారా, మీకు ఏదైనా విద్య బాగా వచ్చా? అయితే మీకు నా ప్రగాఢ సానుభూతి! ఈ రోజుల్లో బాగుపడాలంటే మనిషికి ఏమీ రాకూడదు. రాదని నిరూపించుకుంటూ ఒక బిగినర్స్ కోర్సులో చేరాలి. సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నిప్పు తర్వాత మానవజాతికి జరిగిన అంతటి మేలు ఈ బిగినర్స్ కోర్సేనని నా గట్టి నమ్మకం.

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. "బిగినర్స్‌కి ఈజీ క్రోషే హెడ్‌బ్యాండ్" అనే, హుక్కుతో ఊలు తలపట్టీ అల్లడం నేర్పే నాలుగు శనివారాల కోర్సులో నూటికి తొంభై రెండు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. నాతో పాటే చేరిన మా వదిన ఫెయిలైంది. ఎందుకు కాదు? ఆవిడ ఇరవై రెండేళ్లుగా ఒక బడిలో పిల్లలకి ఊలు అల్లడం నేర్పుతోంది మరి!

సంగతేమిటంటే, ఆ బడిలో కొత్త రూలు పెట్టారు. సర్టిఫికెట్ లేనివాళ్లు క్లాసు తీసుకోకూడదు. ఎంత అవసరమైన రూలు! ఒకప్పుడు ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లలు తల్లులై, ఇప్పుడు తమ పిల్లల్ని కూడా ఆవిడ దగ్గరికే పంపుతున్నారు. వాళ్లలో ఒక్కరైనా "టీచర్, మీ కాగితం ఏదీ?" అని అడిగిన పాపాన పోయారా? నెలాఖరులోగా కాగితం తేకపోతే అల్లిక పీరియడ్ ఎత్తేసి, ఆ గంట కూడా కంప్యూటర్‌కి ఇచ్చేస్తానంది ప్రిన్సిపాల్ మేడమ్. మా వదినకి ప్రాణమంతా ఆ గంట మీదే.

"ఆ కోర్సులో చిన్నపిల్లల మధ్య ఒక్కదాన్నే కూర్చోవాలంటే మొహమాటంగా ఉంది, నువ్వూ రా" అంది వదిన. వెళ్లాను. ఊడిన గుండీ కుట్టుకోవడం కూడా నాకు చేతకాదు. అంటే సకల అర్హతలూ ఉన్నాయన్నమాట.

బట్టల షాపు మేడ మీద గది. పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఒక టీవీ. ట్యూటర్‌కి పాతికేళ్లుంటాయి. అల్లడం మొదలుపెట్టి మూడు నెలలైందని ఆ అమ్మాయే గర్వంగా చెప్పుకుంది. ఎంత తాజా జ్ఞానమో చూశారా! మా వదినది ఇరవై రెండేళ్ల నాటి నిల్వ సరుకు.

హుక్కు పట్టుకునే పద్ధతులు రెండని, ఒకటి పెన్సిల్ పట్టు, ఇంకొకటి చాకు పట్టు అని, టీవీలో బొమ్మలు చూపిస్తూ ఆ అమ్మాయి అరగంట వివరించింది. వివరణ అయ్యేసరికి మా వదిన ఒళ్లో ఆకుపచ్చ హెడ్‌బ్యాండ్ తయారైపోయింది. అంచుల్లో ఎక్కడా వంకర లేదు.

"ఆంటీ, ఇది ఏ పట్టుతో అల్లారు?"

"ఏమోనమ్మా, నా చెయ్యి నేనెప్పుడూ చూసుకోలేదు."

ఐదు మార్కులు కోత! పడాల్సిందే. చెయ్యి ఏం చేస్తోందో తెలియకుండా పని చేసుకుపోయేవాళ్లని ఎలా నమ్మడం?

అసలు గండం రెండో శనివారం వచ్చింది. ఈ కోర్సులో ముప్పై ఐదు మార్కులు ఒకే ఒక్క అంశానికి: "మీ తప్పును గుర్తించి, విప్పి, సరిదిద్దుట." తప్పు ఫొటో ఒకటి, దిద్దిన ఫొటో ఒకటి యాప్‌లో పెట్టాలి. పాసవ్వాలంటే డెబ్భై రావాలి.

"మీ తప్పు ఫొటో ఏది ఆంటీ?"

"తప్పేం పోలేదమ్మా."

"పోలేదంటే ఎలా? తప్పు పెడితేగానీ యాప్ ముందుకెళ్లదు."

మా వదిన మొహం చూడాలి! పాపం, ఆ వారమంతా తప్పు చేయడానికి నానా అవస్థా పడింది. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కావాలని ఒక కుట్టు వదిలేసేది. తన మానాన తను మాట్లాడుతూ ఉండగానే వేళ్లు వెనక్కి వెళ్లి, దాన్ని వేసుకుని వచ్చేసేవి. కళ్లు మూసుకుని అల్లింది. ఇంకా బాగా వచ్చింది! మనిషికి పని మరీ ఎక్కువ వస్తే పట్టే గతి ఇదీ.

నాకు మాత్రం తప్పులకేం కరువు? పదహారు కుట్లతో మొదలుపెట్టిన నా పట్టీ, వరసకో కుట్టు మింగేసుకుంటూ, జానెడు పొడవు వచ్చేసరికి ఏడు కుట్లకి దిగింది. తలకి కట్టుకోవాల్సింది మెడకి కట్టుకునే టై అయి కూర్చుంది. క్లాసులోనే దాని ఫొటో తీసి పెట్టేశాను. "సూపర్ మిస్టేక్ అంకుల్!" అని ట్యూటర్ చప్పట్లు కొట్టించింది.

జాలిపడి ఆ టైని వదిన చేతిలో పెట్టాను. "ఇది మీదేనని మీరూ ఒక ఫొటో పెట్టండి, ఎవరికి తెలుస్తుంది?" అని, ఫోన్ తేవడానికి లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఏముంది! మొత్తం విప్పేసి, పదహారు కుట్లతో సగం దాకా అల్లేసింది.

"అలా ఉంటే చూస్తూ ఎలా ఊరుకోను? చెయ్యి ఆగలేదు" అంది.

"పోనీ ఇంకొకటి పాడుచేసి ఇస్తాను."

"వద్దులే. పక్కవాళ్లది చూపించి మార్కులేయించుకోకండర్రా అని పిల్లలకి ఇన్నేళ్లూ చెప్పి, ఇప్పుడు నేనే ఆ పని చేయనా?"

చాదస్తం! నాకలాంటి రోగాలేం లేవు. ఆవిడ దిద్దిన పట్టీని ఫొటో తీసి, నా "దిద్దుబాటు" కింద పెట్టేశాను. ముప్పై ఐదుకి ముప్పై ఐదు! కోర్సు ముగిసేసరికి వదినకి మొత్తం అరవై వచ్చాయి. మార్కుల కాగితం కింద ట్యూటర్ రాసిన మాట: "తప్పులు చేయడానికి భయపడుతున్నారు. ఇంకా ప్రాక్టీస్ కావాలి."

వదిన ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "నీకు సర్టిఫికెట్ వచ్చిందిగా, పేరుకి నువ్వు టీచరుగా ఉండు. నేను హెల్పర్‌గా పక్కనుంటాను. పీరియడైతే పోకుండా ఉంటుంది" అంది.

అలా పోయిన సోమవారం నేను అల్లిక టీచర్నయ్యాను. కుర్చీ నాది, రిజిస్టరు నాది. వదిన గోడ వారగా స్టూలు మీద కూర్చుంటుంది. ఊలు చిక్కుపడ్డ పిల్లలందరూ నా బల్ల దాటుకుని ఆవిడ చుట్టూ మూగుతారు. నాకు హాయిగా నిద్రొస్తుంది.

గురువారం ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చింది. పిల్లల హెడ్‌బ్యాండ్లు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసి, పొంగిపోయింది. "చూశారా, క్వాలిఫైడ్ టీచరు వస్తే ఎంత తేడానో!" అంది. తర్వాత స్టూలు వైపు చూసి గొంతు తగ్గించింది. పిల్లలకి వినపడకుండా ఉండేంతగా ఏం తగ్గించలేదు.

"ఖాళీ దొరికినప్పుడు ఆవిడకి కూడా కాస్త నేర్పండి సార్. వచ్చే ఏడాదైనా పాసవుతుంది పాపం."

నేనేమన్నానంటారా? తల ఎత్తకుండా, "అలాగే మేడమ్" అన్నాను. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మేడమ్ వెళ్లిపోయాక, "ఏం మాస్టారూ, ఎక్కణ్ణించి మొదలుపెడదాం?" అని వదిన నవ్వేసింది.

పిల్లలు ముప్పై నలుగురు. ఒక్కరూ నవ్వలేదు. హుక్కులు కింద పెట్టి, నావైపే చూస్తూ కూర్చున్నారు.