గోడ దాటిన పుప్పొడి

ఆ ఉదయం పెంటమ్మ కోరుకున్నది ఒక్కటే. ఆడబిడ్డ వచ్చేలోగా తన తీగకు ఒక్క గుమ్మడికాయైనా కాయాలి. దిల్‌సుఖ్‌నగర్‌లోని వాళ్ల పెరట్లో తీగ నిండా పూలే గానీ కాయ లేదు. గోడ అవతల, గుంటూరు నుంచి వచ్చిన అండాలమ్మ తీగకు మాత్రం కాయ మీద కాయ. పైగా ఆవిడ కోసినప్పుడల్లా ఓ ముక్క పంపేది. అది తింటున్నంతసేపూ పెంటమ్మకు కడుపు మండిపోయేది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వల్ల బడి మూతపడి, ఆమె భర్త సైన్సు పంతులు బిక్షమయ్య ఇంట్లోనే ఉన్నాడు. వినే పిల్లలు లేక భార్యకే పాఠం చెప్పాడు. కేసర పుష్పమంటే మగ పువ్వు, దానిలో పుప్పొడే తప్ప కాయ ఉండదు, ఆ పుప్పొడి పడితేనే ఆడ పువ్వు కాయ అవుతుంది, మన తీగకున్నవన్నీ మగవే అన్నాడు. పెంటమ్మకు కావలసినంత అర్థమైంది.

మర్నాటి నుంచి తెల్లవారగానే గోడ మీదుగా చెయ్యి చాపి అండాలమ్మ తీగ మగ పూలన్నీ తెంపసాగింది. అయినా అక్కడ పిందెలు ఆగలేదు. పంతం పట్టి మగ మొగ్గలను కూడా వదల్లేదు.

అండాలమ్మ భర్త త్రినాథరావు గుమాస్తా, ఉత్త పిరికివాడు. బోసిపోతున్న తీగను చూసి, ఈ గొడవల రోజుల్లో ఇది తమకు హెచ్చరికేనని తేల్చుకున్నాడు. ఇవాళ పూలు తెంపినవాళ్లు రేపు తలుపులు విరగ్గొడతారంటూ పరుపులు చుట్టేశాడు.

అండాలమ్మ కళ్లు తుడుచుకుంటూ గోడ దగ్గరికొచ్చింది. "మేం ఊరెళ్లిపోతున్నాం వదినా. తీగ నువ్వే చూసుకో. నీకైతే దానిమీద ప్రేముంది."

కాయలన్నీ తనవి కాబోతున్నాయి. అయినా పెంటమ్మకు సంతోషం రాలేదు, సిగ్గుతో తల వాలిపోయింది. "యాడికీ పోకు వదినా. పూలు తెంపింది నేనే. కాయొద్దని మగ పూలు తెంపిన. నీ కాయలు చూసి ఓర్వలేకపోయిన."

అండాలమ్మ తీగ మీది పిందెలకేసి చూసింది. తర్వాత, "మరి మగ పూలు లేకుండా పిందెలెలా పడ్డాయి?" అంది.

వెనక నుంచి బిక్షమయ్య అందుకున్నాడు. "తేనెటీగలు మా పుప్పొడి మోసుకొచ్చినయమ్మా. గా కాయలకు తండ్రి మా తీగనే."

త్రినాథరావు పరుపులు విప్పాడు. అండాలమ్మ నవ్వి, అన్నిటికన్నా పెద్ద కాయను కోసి సగం ఇచ్చింది. తండ్రి మనదైనంక సగమేందని పెంటమ్మ ఇంట్లోకొచ్చి గొణిగింది.

మర్నాటి నుంచి ఆమె గోడ దగ్గర నిలబడి కొంగుతో తేనెటీగలను తోలుతూ కనిపించింది, అండాలమ్మ పెరట్లోకి కాక తమ పుప్పొడితో వేరే ఇళ్లకు పోయేవాటిని మాత్రమే.