సింహాద్రి గుండెలో ఆక్రమణ

సోమవారం ఫిర్యాదుల వేళకి, పట్టణ ప్రణాళికాధికారి కోరాడ సింహాద్రి గుండె రక్తనాళంలో పనిచేసే ఎంజైము ఆయన ఎడమచెయ్యి మీదుగా దిగి, బల్ల ముందు వరుసలో నిలబడింది. దాని ముందున్న ఇద్దరూ మురుగు కాలవ గురించి వచ్చినవాళ్లు. వాళ్లయ్యేదాకా ఓపిగ్గానే ఆగింది.

సింహాద్రికి చిర్రెత్తుకొచ్చింది. ఊళ్లోవాళ్లు చాలనట్టు ఒంట్లోవాళ్లు కూడా తయారయ్యారు. ఒక్క సోమవారమైనా టిఫిను వేడిగా తిన్న పాపాన పోలేదాయన.

ఎంజైము తన గోడు చెప్పుకుంది. నాళం గోడని సడలించే వాయువు తయారుచెయ్యడం దాని ఉద్యోగం. గోడ సడలితేనే రక్తం సాఫీగా పోతుంది. ఇప్పుడు ఎక్కడ చూసినా కొలెస్ట్రాల్ వచ్చి కాపురం పెట్టింది. గోడ బిర్రబిగుసుకుపోయింది.

"అంతేనా బాబూ, వాయువు సేద్దారంటే నా సేతుల్లో విషం తయారవుతంది. నానేటి సెయ్యను? తవరే ఆ కొలెస్ట్రాల్ని కాలీ సేయించాల."

ఓస్, ఆక్రమణేనా అనుకున్నాడు సింహాద్రి. తన సర్వీసులో ఆయన ఒక్క ఆక్రమణనీ కూలగొట్టలేదు, అన్నింటినీ క్రమబద్ధీకరించాడు. కూలగొడితే ఏడుపులు, కోర్టులు, పైనుంచి ఫోన్లు. ఎవరిక్కావాలి ఈ తలనొప్పి? సొంత వీధి మొదట్లో రోడ్డెక్కి కూర్చున్న బజ్జీల కొట్టుకీ ఆయనే అనుమతిచ్చాడు. ఆ విశ్వాసంతో కొట్టువాడు రోజూ సాయంత్రం ఇంటికి ఒక పొట్లం పంపుతాడు. ఆ పొట్లాలు చివరికి ఎక్కడికి చేరుతున్నాయో ఎంజైము చెప్పబోయింది గానీ, ఫిర్యాదులో లేని విషయాలు ఎత్తొద్దన్నాడు.

కొలెస్ట్రాల్‌ని పిలిపించి విచారించారు. ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నామనీ, పిల్లాజెల్లా అక్కడే పెరిగారనీ అది చెప్పుకుంది. అభ్యంతరాలుంటే తెలపమని నాళం గోడకి నోటీసు అంటించారు. గుండె అభ్యంతరం తెలిపింది, కాకపోతే గడువు దాటాక. అనుమతి మంజూరైంది. ఎంజైముని మిగిలిన సందులోనే సర్దుకోమన్నారు.

"ఆ సందూ మూసుకుపోతే తవరు పోతారు బాబూ," అంది ఎంజైము. దానికీ విసుగొచ్చేసింది. "తవరితో నానూ పోతాను."

"రాసియ్యి, పరిశీలిస్తాం," అన్నాడు సింహాద్రి.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం ఆయనకి గుండె పట్టేసింది. భార్య పైడితల్లి అంబులెన్సుని పిలిచింది. అది వీధి మొదట్లోనే ఆగిపోయింది. బజ్జీల కొట్టుకీ, ఎదురింటివాళ్లు బయటికి కట్టుకున్న మేడమెట్లకీ మధ్య సైకిలు మాత్రమే పడుతుంది. ఇక లాభం లేదని సింహాద్రిని మడతమంచం మీద కొట్టుదాకా మోసుకొచ్చారు. అక్కడ మంచం కూడా పట్టలేదు. డ్రైవరు హారను వాయించాడు. కొట్టు పీకెయ్యమని పైడితల్లి కేకలేసింది.

సింహాద్రి కష్టమ్మీద చెయ్యెత్తి వారించాడు.

"దానికి పర్మిషనుందే. నేనే ఇచ్చాను."

డ్రైవరు హారను ఆపేశాడు. పైడితల్లి కొంగుతో ఆయనకి విసరసాగింది. కొట్టువాడు ఆయన్ని గుర్తుపట్టి దండం పెట్టాడు. మూకుడు కాగుతోంది కాబట్టి ఈ వాయి దించాక తప్పకుండా జరుగుతానన్నాడు. అదీ న్యాయమే అనిపించింది అందరికీ.

వాయి వేగేదాకా ఆగారు.